వానాకాలంలో బయటి ట్యాంకుల్లో కీటోసెరాస్ నిలబడటం లేదు, పేస్టుకు మారిపోవాలా?

తొండంగి_ఆల్గే రాశారు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ చేసి ఒక వనామీ రొయ్య పిల్లల హేచరీలో ఆల్గే (పిల్లలకు తిండిగా పెంచే సూక్ష్మ నాచు) సెక్షన్ చూస్తున్నాను. మాది తొండంగి వైపు తీరం. లోపల ఏసీ రూంలో ఫ్లాస్కుల నుంచి కార్బాయ్‌ల దాకా కీటోసెరాస్ అనే ఆల్గే బ్రహ్మాండంగా వస్తోంది. చిక్కటి గోధుమ రంగు, అడుగున మడ్డి లేదు. అదే కల్చర్‌ని బయట టన్ను ఎఫ్‌ఆర్‌పి ట్యాంకులకు ఎక్కిస్తే రెండో రోజు దాకా బాగుంటుంది, మూడో రోజు పొద్దున్నకల్లా రంగు పాలిపోతుంది. పైన జిగట నురగ, గాలి ఆపి చూస్తే కింద మడ్డి. వర్షాలు మొదలైనప్పటి నుంచే ఈ గొడవ.

ఇటు జోయా-2 దశ (నాప్లీ తర్వాత వచ్చే జోయాలో రెండోది) రొయ్య పిల్లల పేగులు ఖాళీగా కనిపిస్తున్నాయి. ఓనరుగారు "ఇంత కరెంటు బిల్లు కట్టి ఈ రూం నడపడం ఎందుకు, పేస్టు తెప్పించేద్దాం" అంటున్నారు. పేస్టు అంటే చిక్కబరిచి అమ్మే ఆల్గే. ఆ రూం మూసేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఓనరుతో మాట్లాడాలంటే ఇష్టం ఒక్కటే చాలదు, కారణం చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భీమిలి_పాతకాపు రాశారు:

తమ్ముడూ, "బ్రహ్మాండంగా", "పాలిపోయింది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు, అంకెలు కావాలి. లోపల సెలినిటీ (ఉప్పదనం) ఎంత, బయట ఎంత? నీళ్లకు క్లోరిన్ ఎంత కొడుతున్నారు, హైపో (క్లోరిన్‌ని తీసేసే థయోసల్ఫేట్) తర్వాత క్లోరిన్ మిగిలిందేమో ఆర్థోటాలిడిన్‌తో చూస్తున్నారా? ట్యాంకు నీళ్లలో ఎన్నో వంతు సీడ్ (మొదలుపెట్టే ఆల్గే) వేస్తున్నారు? బయట ఏ మీడియం (ఆల్గేకి ఇచ్చే పోషకాలు)? సిలికేట్ విడిగా ఇస్తున్నారా? రోజువారీ కౌంట్ ఉందా? మూడో రోజు చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారా, పెడితే ఏం కనిపించింది?

తొండంగి_ఆల్గే రాశారు:

సార్, లోపల 30 పీపీటీ, బయట వానల వల్ల 22. క్లోరిన్ 15 పీపీఎం, తర్వాత హైపో. ఆర్థోటాలిడిన్ చుక్క వేస్తే పసుపు రావడం లేదు. సీడ్ పదో వంతు. లోపల ఎఫ్/2 మీడియం, బయట టీఎంఆర్ఎల్ మీడియం స్టాక్ లీటరుకు 1 మి.లీ. సిలికేట్ అందులో ఉన్నదే, విడిగా ఇవ్వడం లేదు. కార్బాయ్‌లో మిల్లీలీటరుకు 25 లక్షలు, బయట ఎక్కించగానే రెండున్నర లక్షలు, రెండో రోజు 7 లక్షలు, మూడో రోజు 3 లక్షలు. మైక్రోస్కోప్‌లో కణాలు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. మధ్యలో చిన్న చిన్నవి గిరగిరా తిరుగుతున్నాయి.

భీమిలి_పాతకాపు రాశారు:

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

ముందు క్లోరిన్ సంగతి పక్కన పెట్టండి. క్లోరిన్ మిగిలి ఉంటే కల్చర్ మొదటి రోజే చచ్చేది, రెండో రోజుకి 7 లక్షలు వచ్చేది కాదు. ఉప్పు 30 నుంచి 22కి పడటం కూడా కీటోసెరాస్‌కి ప్రాణం తీసేంత దెబ్బ కాదు. కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, అంతే. బాగా పెరిగి ఒక్కసారిగా కూలిందంటే తిండి అయిపోయిందని నా అనుమానం. కీటోసెరాస్ లాంటి డయాటమ్‌కి ఒంటి గోడ సిలికాతోనే కట్టాలి. సిలికా లేకపోతే కణం రెండుగా చీలలేదు. ఎఫ్/2లో లీటరుకు 30 మి.గ్రా. సోడియం మెటాసిలికేట్ పడుతుంది. టీఎంఆర్ఎల్ స్టాక్‌లో సిలికేట్ లీటరుకు 1 గ్రాము, మీరు వేసే 1 మి.లీ.లో 1 మి.గ్రా. మాత్రమే వస్తుంది. లోపల 30, బయట 1. నైట్రేట్ బోలెడంత ఉంది, సిలికేట్ లేదు. మీ మూడో రోజు కథ అక్కడే ఉంది.

మెటాసిలికేట్‌ని వేరే సీసాలో, వేడి నీళ్లలో విడిగా కరిగించండి. మిగతా స్టాకుల్లో కలిపితే తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది. అప్పుడు లెక్క ప్రకారం వేసినట్టే ఉంటుంది కానీ కణానికి అందదు. ట్యాంకులో ముందు సిలికేట్ పోసి, గాలి బాగా తిరిగాక మిగతావి పోయండి.

రెండోది, ఆ గిరగిరా తిరిగేవి సీలియేట్లు, ఒంటికణపు జీవులు. కణాల్ని అవి తినేస్తున్నాయి. క్లోరిన్ కొట్టిన నీళ్లను మూత లేకుండా ఎన్నాళ్లు ఉంచుతున్నారో చూసుకోండి. వానాకాలంలో తెరిచి ఉంచిన రిజర్వాయర్‌లో పడని చెత్త ఉండదు. వాడే రోజుకి ముందురోజే ట్రీట్ చేసి, మూత పెట్టి, మర్నాడు ఎక్కించండి. సీడ్ పదో వంతు కాకుండా ఐదో వంతు వేయండి. ఆల్గే ముందే పుంజుకుంటే సీలియేట్లకు అంత సందు దొరకదు.

మూడోది, మబ్బు. మబ్బు పట్టిన రోజుల్లో రెండో రోజు కౌంటే మీకు దొరికే గరిష్ఠం అనుకోండి. ఇంకా చిక్కబడుతుందని మూడో రోజుకి ఉంచొద్దు. పెరుగుతున్న దశలోనే కోసేయాలి. ఆగిపోయిన కల్చర్‌లో కణాలు జిగురు వదులుతాయి, మీరు చూసిన నురగ అదే.

బాపట్ల_హేచరీ రాశారు:

నేను ఓనరు వైపు నుంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మాది చిన్న హేచరీ. ఏసీ రూం, ఆటోక్లేవ్, ఇద్దరు మనుషులు, కరెంటు పోతే జనరేటరు. ఇవన్నీ లెక్కేస్తే లీటరు ఆల్గే ఎంత పడుతోందో ఎవరూ పైకి చెప్పరు. వానాకాలం వచ్చిందంటే నాప్లీ (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లలు) దిగే రోజుకి ఆల్గే చేతిలో ఉంటుందో ఉండదో తెలియదు. పేస్టు అయితే ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రెడీగా ఉంటుంది. మేం సగానికి సగం పేస్టే వాడుతున్నాం, రొయ్య సీడ్ (పిల్లలు) అమ్ముడవుతూనే ఉంది. తొండంగి తమ్ముడి ఓనరు అడిగినదాంట్లో తప్పేముంది?

భీమిలి_పాతకాపు రాశారు:

బాపట్ల గారూ, తప్పు లేదు. కానీ పేస్టులో కణం పెరగదు, మెల్లగా కిందికి దిగిపోతుంది. జోయా దాన్ని వెతుక్కుంటూ అడుక్కి వెళ్లదు. దాని కాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చిందే వడగట్టుకుని తింటుంది. పైగా మిగిలిన పేస్టు అడుగున కుళ్లుతుంది. బతికున్న కీటోసెరాస్ అయితే తినేదాకా నీళ్లలోనే తేలుతూ, ట్యాంకులోని అమ్మోనియాని కొంత తాగుతూ ఉంటుంది. పేస్టు వాడాలంటే వడగట్టిన సముద్రపు నీళ్లలో బాగా చిలికి, కొంచెం కొంచెంగా రోజుకు చాలాసార్లు పోయాలి, గాలి పెంచాలి. అంత శ్రద్ధ పెట్టేవాళ్లు లైవ్ కల్చర్ కూడా నడపగలరు.

బాపట్ల_హేచరీ రాశారు:

ఆ శ్రద్ధ మా కుర్రాళ్లు పెడుతున్నారండీ. అందుకే నడుస్తోంది.

ఫిషరీస్_విద్యార్థి రాశారు:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. జోయా ట్యాంకుకు ఎన్ని లీటర్ల ఆల్గే పోయాలో ఎలా లెక్కేస్తారు? మా దగ్గర ప్రాక్టికల్‌లో రంగు చూసి పోయమన్నారు.

తూత్తుకుడి_ముత్యం రాశారు:

రంగు చూసి పోయకండి. హీమోసైటోమీటర్‌లో నాలుగు మూలల పెద్ద గళ్లలో కణాలు లెక్కపెట్టి, సగటు తీసి, పది వేలతో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్ని ఉన్నాయో వస్తుంది. ఇలా ఆల్గే ట్యాంకుదీ, జోయా ట్యాంకుదీ రెండూ తీయాలి. జోయాకు సాధారణంగా 50 వేల నుంచి లక్ష దాకా ఉంచుతారు.

మీ జోయా ట్యాంకులో 10 టన్నుల నీళ్లు ఉన్నాయనుకోండి. 80 వేలు కావాలి, 20 వేలు మిగిలి ఉన్నాయి. అంటే 60 వేలు తక్కువ. ఆల్గే 12 లక్షల మీద ఉంటే, 60 వేలని 12 లక్షలతో భాగించి 10,000 లీటర్లతో గుణించండి. 500 లీటర్లు. అదే ఆల్గే తొండంగి తమ్ముడి మూడో రోజు కల్చర్‌లా 3 లక్షల మీద ఉంటే 2,000 లీటర్లు పోయాలి. రెండు టన్నుల పాత మీడియం, సీలియేట్లు, జిగురు, ఇవన్నీ పోయి జోయా పేగు ఎందుకు ఖాళీగా ఉందని అడిగితే ఏం చెప్పాలి? ఇంకో సంగతి. బయట ట్యాంకుల్లో యూరియా వాడేవాళ్లు ఉన్నారు. ఆ అమ్మోనియా కూడా వెంట వస్తుంది. చిక్కటి ఆల్గేతో పీహెచ్ 9కి ఎగబాకితే ఆ అమ్మోనియా విషమే.

ల్యాబ్_కాకినాడ రాశారు:

లైవ్ ఆల్గే అనగానే శుభ్రం అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మా ల్యాబ్‌కి లార్వా నీళ్లు తెస్తారు, ఆల్గే నీళ్లు తీసుకురారు. జోయా ట్యాంకులోకి రోజూ వందల లీటర్లు పోసేది అదే కదండీ. ఫ్లాస్కు, కార్బాయ్, బయటి ట్యాంకు, మూడు చోట్ల నుంచీ టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో బ్యాక్టీరియాని పెంచి చూసేది) వేసి చూడండి. ఫ్లాస్కు దగ్గరే కాలనీలు వస్తే స్టాకే మార్చాలి. బయటి ట్యాంకులోనే వస్తే పైపులు, ఎయిర్ స్టోన్లు, నీళ్లు చూడాలి. ఆకుపచ్చ కాలనీలకే భయపడి పసుపువి మంచివని వదిలేస్తున్నారు, అది సరికాదు. విబ్రియో ఆల్గినోలిటికస్ పసుపుగానే వస్తుంది.

ఈ దశలో ఎవరైనా "ఆల్గేలో కొంచెం యాంటీబయాటిక్ కొట్టు" అంటారు. దయచేసి వినకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి నిషేధం. వాటి అవశేషం దొరికితే సరుకు వెనక్కి వస్తుంది, నష్టపోయేది చెరువు రైతు.

ఇంకొకటి. జోయా-2 దగ్గర తిండి మానేసి చచ్చిపోవడం మన తీరంలో చాలా హేచరీలు చూశాయి. సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా దాని మీద పని చేశారు. పేగు ఖాళీగా ఉంటే దానికి తిండి అందలేదా, అందినా తినడం లేదా, ముందు ఇది తేల్చుకోండి. నీళ్లలో 80 వేల కణాలు ఉండి కూడా పేగు ఖాళీ అయితే ఆల్గే మీద నింద వేసి లాభం లేదు.

తొండంగి_ఆల్గే రాశారు:

మేడం, అది తేల్చుకోవడం ఎలా?

ల్యాబ్_కాకినాడ రాశారు:

గాజు బీకరులో కొన్ని జోయాల్ని తీసుకుని టార్చి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. బాగా తింటున్న జోయాకి వెనకాల సన్నటి గోధుమ రంగు దారం వేలాడుతూ ఉంటుంది, ఒక్కోసారి దాని ఒంటి కంటే పొడుగ్గా. అది మలం. పది జోయాలు తీస్తే దాదాపు అన్నిటికీ ఆ దారం ఉండాలి. సగానికి లేకపోతే వెంటనే ట్యాంకులో కౌంట్ చూడండి. కౌంట్ తక్కువైతే తిండి సమస్య. కౌంట్ ఉండి దారం లేకపోతే జోయా సమస్య, లేదా కణం చచ్చిపోయి పనికిరాకుండా ఉంది. కణం బాగుందో లేదో చూడాలంటే 40ఎక్స్ కింద పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న కీటోసెరాస్ చిన్న చతురస్రంలా, నాలుగు మూలలా నాలుగు సన్నటి ముళ్లతో ఉంటుంది, లోపలంతా బంగారు గోధుమ రంగు నిండి ఉంటుంది. చావుకు దగ్గరైన కణంలో ఆ రంగు ఒక మూలకు ముడుచుకుపోతుంది, ముళ్లు విరిగిపోయి ఉంటాయి.

తూత్తుకుడి_ముత్యం రాశారు:

నేను ఆల్చిప్పల వైపు నుంచి రాస్తున్నాను. తూత్తుకుడిలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు 1981లో ముత్యపు చిప్ప సీడ్‌ని హేచరీలో తీశారు. ఆ లార్వాలకు ప్రధానంగా పెట్టింది ఐసోక్రైసిస్ అనే ఆల్గే. మీ వనామీ వాళ్ల అదృష్టం ఏంటంటే, నాప్లీకి పచ్చసొన ఉంటుంది, జోయా నాలుగైదు రోజులు ఆల్గే మీద నడుస్తుంది, తర్వాతి దశ మైసిస్ వచ్చాక ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న జీవి) అందుకుంటుంది. మాకు ఆ వెసులుబాటు లేదు. గుడ్డు పొదిగిన మర్నాటికే డి-ఆకారపు లార్వా తిండి అడుగుతుంది. అక్కడి నుంచి దాదాపు మూడు వారాలు ఈదుతూ, తర్వాత అతుక్కున్న పిల్ల చిప్పగా, ఆ తర్వాత పెద్దయ్యాక కూడా తినేది ఆల్గేనే. పిల్ల చిప్పల ఆకలి రోజురోజుకీ పెరుగుతుంది, వాటికి సరిపడా ఆల్గే తీయలేకే చాలామంది చిన్న సైజులోనే సముద్రంలోకి దించేస్తారు. చిప్పల హేచరీ ఖర్చులో సుమారు మూడో వంతు ఆల్గేకే పోతుందని ఈ రంగంలో అందరూ చెప్పే మాట.

ఏ ఆల్గే అన్నది చాలా ముఖ్యం. లార్వా నోట్లో పట్టేది పది మైక్రాన్ల లోపు కణమే. నానోక్లోరోప్సిస్ రెండు నుంచి నాలుగు మైక్రాన్లే, ఈపీఏ (ఒక ఒమేగా-3 కొవ్వు) కూడా బాగా ఉంటుంది, కానీ గోడ గట్టిది. చిప్ప లార్వా దాన్ని మింగినా సరిగ్గా అరగదు. ఐసోక్రైసిస్‌కి ఆ గట్టి గోడ లేదు, డీహెచ్‌ఏ అనే ఇంకో ఒమేగా-3 ఎక్కువ. కీటోసెరాస్‌లో ఈపీఏ ఉంటుంది, డీహెచ్‌ఏ తక్కువ. అందుకే రెండూ కలిపి పెడతారు. ఒక్కదాని మీదే పెంచిన లార్వా బతుకుతుంది కానీ అతుక్కునే దశకి వచ్చేసరికి వెనకపడుతుంది. రొయ్యలవాళ్లు కూడా కీటోసెరాస్ ఒక్కదాన్నే పట్టుకోకుండా థలాసియోసిరా అనే ఇంకో డయాటమ్‌ని పక్కన ఉంచుకోవాలని నా అభిప్రాయం. థలాసియోసిరా కణం పెద్దది, జోయా-2, జోయా-3కి బాగా సరిపోతుంది.

ఎఫ్/2 వాడుతున్నాం కదా. గిలార్డ్ 1975లో ఆ మీడియం వివరించింది చిప్పల లాంటి సముద్ర జీవులకు ఆల్గే తిండి పెంచడం మీద రాసిన పేపర్లోనే. వాల్నే మీడియం కూడా అంతే, వేల్స్‌లోని కాన్వే ల్యాబ్‌లో ఆయిస్టర్ల కోసం పుట్టింది. మన రొయ్య హేచరీలు ఈ రోజు తింటున్న అన్నం చిప్పల వాళ్లు వండిందే.

మండపీత_ప్రేమి రాశారు:

నానోక్లోరోప్సిస్‌ని మరీ తీసిపారేయకండి ముత్యం గారూ. మండపీత జోయా నేరుగా ఆల్గే తిని బతకదు, దానికి రోటిఫర్లు (సూక్ష్మ జంతువులు) కావాలి. ఆ రోటిఫర్లు పెరిగేది నానోక్లోరోప్సిస్ మీదే. సిర్కాళి దగ్గర ఆర్జీసీఏ (రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం) పీత హేచరీ పని తెలిసినవాళ్లకు దాని విలువ తెలుసు.

తూత్తుకుడి_ముత్యం రాశారు:

ఒప్పుకుంటాను. నేను అన్నది చిప్పల గురించి మాత్రమే.

పోర్ట్‌లాండ్_తెలుగు రాశారు:

ఆరెగన్ నుంచి. కాకినాడ మేడం గారి మాటకి తోడుగా ఒకటి చెప్తాను. ఇక్కడ విస్కీ క్రీక్ హేచరీలో 2007 ప్రాంతంలో ఆయిస్టర్ లార్వాలు కుప్పలుగా చనిపోయాయి. ముందు విబ్రియో అనుకున్నారు. చివరికి చూస్తే సముద్రం లోపలి నుంచి పైకి ఉబికి వచ్చే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై, లార్వా గుల్ల కట్టుకోలేకపోతోందని తేలింది. ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పనిచేసి 2012లో ప్రచురించారు. ఆ తర్వాత నీళ్లకు సోడియం కార్బొనేట్ కలిపి సరిచేసుకున్నారు. తిండి ఎంత బాగున్నా నీళ్లు బాగోకపోతే లార్వా నిలవదు. మీ దగ్గర గోదావరి వరద నీళ్లు తీరానికి తగిలినప్పుడు ఉప్పు ఒక్కటే కాదు, ఆల్కలినిటీ కూడా చూస్తున్నారా?

తొండంగి_ఆల్గే రాశారు:

చూడటం లేదండీ, మొదలుపెడతాం.

బాపట్ల_హేచరీ రాశారు:

భీమిలి గారికి ఒక ప్రశ్న. వరద నీళ్లలో సిలికేట్ బాగానే ఉంటుంది కదా, నదులు మోసుకొచ్చేదే అది. అలాంటప్పుడు వానాకాలంలోనే సిలికేట్ లోటు అంటే ఎలా నమ్మాలి?

భీమిలి_పాతకాపు రాశారు:

మంచి ప్రశ్న. నది నీళ్లలో ఉండేది సముద్రంలో మామూలు డయాటమ్ పెరుగుదలకి చాలు. మనం మిల్లీలీటరుకు పది, ఇరవై లక్షల కణాలు తీయాలనుకుంటున్నాం. ఆ మోతాదుకి ఏ నది తెచ్చేదీ చాలదు. మిగతా కాలంలో ఎలా నెట్టుకొచ్చారంటే, ఎండ బాగుండి కల్చర్ రెండో రోజుకే కావాల్సినంత వచ్చేది, సిలికేట్ అయిపోయేలోపే కోసేసేవాళ్లు. ఇప్పుడు మబ్బుల వల్ల మూడో రోజుకి ఆగుతున్నారు, లోటు బయటపడింది. నా లెక్క ఇది. నమ్మకం లేకపోతే రెండు ట్యాంకులు పక్కపక్కన పెట్టి, ఒకదానికి సిలికేట్ ఇచ్చి, రెండోదానికి ఇవ్వకుండా చూడండి. ఓనరుగారికి చూపించడానికి కూడా అదే మంచిది.

ఓనరుతో ఇంకొకటి కూడా చెప్పండి తమ్ముడూ. రొయ్య లార్వాను డయాటమ్ పెట్టి పెంచవచ్చని జపాన్‌లో ఫుజినాగా కురుమా రొయ్య మీద చేసి 1942లో ప్రచురించారు, ఆయన పెట్టింది స్కెలిటోనిమా. అప్పటి నుంచి పొడులు, క్యాప్సూల్ ఫీడ్లు, పేస్టులు ఎన్ని వచ్చినా జోయా-1 దగ్గర బతికున్న డయాటమ్‌ని పూర్తిగా పక్కన పెట్టిన హేచరీ నాకు తెలిసి మన తీరంలో లేదు. ఇది పాత పద్ధతి మీద మోజుతో అంటున్న మాట కాదు. నాప్లీ చివరి దశలో ఉండగానే ట్యాంకులో ఆల్గే సిద్ధంగా ఉండాలి. జోయాగా మారిన క్షణం నుంచి అది తినడం మొదలుపెడుతుంది, అప్పటికి దాని దగ్గర పచ్చసొన అయిపోయి ఉంటుంది. ఆ రాత్రి ఆకలితో గడిచిన జోయాకి తర్వాత ఎంత పోసినా తేరుకోదు.

తొండంగి_ఆల్గే రాశారు:

రెండు ట్యాంకులు పక్కపక్కన పెట్టి చూశాం. ట్రీట్ చేసిన నీళ్లకు మూత, సీడ్ ఐదో వంతు, రెండిటికీ ఒకటే. సిలికేట్ 30 మి.గ్రా. ఇచ్చింది రెండో రోజుకి 13 లక్షలు, మూడో రోజు కూడా 15 దగ్గర నిలబడింది. ఇవ్వనిది మూడో రోజుకి 5 లక్షలకు పడిపోయింది. సీలియేట్లు రెండిట్లోనూ బాగా తగ్గాయి. ఓనరుగారు స్వయంగా వచ్చి మైక్రోస్కోప్‌లో చూశారు. రూం మూసే మాట ప్రస్తుతానికి లేదు. కానీ కరెంటు పోయే రోజుల కోసం పేస్టు కొంచెం ఫ్రిజ్‌లో ఉంచుకుందాం అన్నారు. బాపట్ల సార్, మీ మాట కూడా నిలిచింది.

కాకపోతే మేడం చెప్పినట్టు ప్లేట్లు వేస్తే ఫ్లాస్కు స్టేజీలోనే పసుపు కాలనీలు కనిపించాయి. స్టాక్ మార్చాలి. కొత్త ప్యూర్ స్టాక్ ఎక్కడ అడగాలి? తెచ్చుకునేటప్పుడు జాగ్రత్తలు ఏంటి?

ల్యాబ్_కాకినాడ రాశారు:

సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సీబా లాంటి ప్రభుత్వ సంస్థల దగ్గర అడగండి. హేచరీ లెటర్‌హెడ్ మీద ఏ జాతి, ఎంత కావాలో రాసి ముందుగా పంపండి. వాళ్లు కల్చర్ తాజాగా పెంచి ఇవ్వడానికి టైం పడుతుంది. వచ్చాక పాత స్టాక్ ఉన్న రూంలో పెట్టకండి. ముందు రూం, రాక్‌లు, ఎయిర్ లైన్లు కడిగి, పాత ఫ్లాస్కులన్నీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెట్టి, ఆ తర్వాతే పారబోయండి. కొత్త స్టాక్‌కి కూడా మొదటి రోజే ప్లేటు వేయండి.

భీమిలి_పాతకాపు రాశారు:

తెచ్చేటప్పుడు సీసా నిండుగా పోయించుకోవద్దు, మూడో వంతు ఖాళీ ఉంచమనండి, లోపల గాలి ఉండాలి. ఐస్ మీద నేరుగా పెట్టకండి, థర్మోకోల్ బాక్సులో నీడపట్టున చల్లగా ఉంటే చాలు. దారిలో అప్పుడప్పుడు మెల్లగా కదుపుతూ రండి, అడుగున పేరుకోకుండా. వచ్చిన వెంటనే మొత్తం ఒకే ఫ్లాస్కులో వేయకుండా నాలుగైదింటిలో పంచండి, ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. రెండు మూడు సార్లు సబ్‌కల్చర్ చేసి కౌంట్ సరిగ్గా వస్తోందని చూశాకే కార్బాయ్‌కి ఎక్కించండి. ఈలోపు జోయా ట్యాంకులకు ఆ పేస్టు వాడుకోండి, ఎలా చిలికి పోయాలో బాపట్ల గారిని అడగండి.

బాపట్ల_హేచరీ రాశారు:

తప్పకుండా. తమ్ముడూ, మెసేజ్ పెట్టు, మా టెక్నీషియన్ నంబరు ఇస్తాను. పొద్దున పది లోపు చెయ్యి, తర్వాత ట్యాంకుల మీద ఉంటాడు.